లెక్కపెట్టిన గాలి

కాగ్వాస్ ఊరి చివర, పాత టైర్ల కొట్టు వెనక
నా రేకుల షెడ్డు.
శుక్రవారం సాయంత్రం యాదియేల్ వచ్చాడు,
చేతిలో ఫోను, ఫోన్లో ఎర్రగా మెరిసే అల్యూమినియం ముక్క.
"ఇదే కావాలి మిగ్దాలియా. ప్ష్‌ష్ అనాలి.
పెట్రోలు బంకులో అందరూ తల తిప్పాలి."
పిజ్జాలు మోసి కూడబెట్టిన రెండొందల డాలర్లు
బల్ల మీది నూనె మరకల్లో పెట్టాడు.

బానెట్ ఎత్తాను.
పాత వాల్వు నల్ల ప్లాస్టిక్‌ది. లోపలి రబ్బరు పొర
చీలి, ముసలి పెదవిలా వేలాడుతోంది.
టర్బో ఊదినదాంట్లో సగం ఇక్కడే కారిపోతోంది.
ఊదుగొట్టానికి చిల్లు పడితే
నొప్పి ఊదేవాడి బుగ్గలకే.

కూర్చో, చెప్తాను.
కాలు నొక్కినంతసేపూ గాలి పరుగెత్తుతుంది.
తీశావా, ముందు తలుపు ఠక్కున మూసుకుంటుంది.
వెనక తోసుకొచ్చే గాలికి ఆ సంగతి తెలీదు.
ముందుకు దారి లేక, నిలవ చోటు లేక
వెనక్కి తిరిగి టర్బో రెక్కల మీదే పడుతుంది.
టుటుటుటు...
పావురం గొంతులో గింజ అడ్డుపడ్డట్టు.
కొందరికి ఆ చప్పుడూ ముద్దే.
రెక్కలకి కాదు.

అందుకే పక్కన చిన్న తలుపు.
అది ఎటు తెరుచుకోవాలన్నదే నీ బేరం:
వీధిలోకా, ఇంట్లోకా.

వీధిలోకైతే నువ్వడిగిన ప్ష్‌ష్.
కానీ ఫిల్టర్ పక్కన కూర్చున్న ఈ సెన్సర్ని చూడు,
సంతలో ఆశీలు వసూలు చేసేవాడిలా
లోపలికొచ్చిన ప్రతి గుక్కనీ రాసుకుంటుంది.
ఒకసారి రాసుకున్నాక
కొట్టివేయడం దానికి రాదు.
వెళ్లిపోయిన గాలికి కూడా పెట్రోలు వడ్డిస్తుంది.
ఇంజను దగ్గుతుంది, నల్లగా పొగ కక్కుతుంది,
సిగ్నల్ దగ్గర నలుగురిలో ఆగిపోతుంది.

అంతలో కాఫీ పొంగింది.
రెండు కప్పుల్లో పోశాను.
ఒకటి నాకు, ఒకటి ఎఫ్రాయిన్‌కి.
ఎఫ్రాయిన్ మయాగ్వెస్ వెళ్లి పదకొండు నెలలు,
ఇంకొకామెతో.
నా చేతికి ఇంకా ఎవరూ చెప్పలేదు.
ఆ కప్పు యాదియేల్ ముందుకు జరిపాను
వాడి కోసమే పోసినట్టు.

వాడు ఊదుకుంటూ తాగి, "వేరే దారి లేదా?" అన్నాడు.
ఉంది. ఎంత వచ్చిందో కాకుండా
ఇప్పుడు ఎంత ఉందో మాత్రమే చూసే సెన్సరు.
దాన్ని పెట్టి, ఇంజనుకి కొత్త లెక్కలు నేర్పాలి.
ఎనిమిదొందలు అవుతుంది.
వాడు కప్పు అడుగు చూశాడు.
నేనూ చూశాను.

చివరికి పిస్టన్ వాల్వే బిగించాను, గాలిని లోపలికే తిప్పేది.
స్ప్రింగు మధ్యరకం:
మెత్తనిదైతే అడక్కుండానే నోరు జారుతుంది,
గట్టిదైతే పీక మీదికొచ్చినా పెదవి విప్పదు.
వాడు వీధి మలుపు దాకా వెళ్లి కాలు తీసినట్టున్నాడు.
చిన్న నిట్టూర్పు. చెవి పెడితేనే వినబడేంత.
పాపం, కుర్రాడి ముఖం అద్దంలో చూడలేదు గానీ
ఊహించాను.

రాత్రి పదకొండింటికి నా బండి తీశాను.
ఇరవయ్యేళ్ల బండి, వాల్వు లోపలికే ఊదుతుంది.
క్లాంపు విప్పి, గొట్టం ఊడదీసి,
బోసినోరుకి బిరడా కొట్టి
కాయే కొండదారి ఎక్కాను.
మూడో గేరు. నిండా నొక్కి
ఒక్కసారిగా కాలు తీశాను.

ప్ష్‌ష్‌ష్!

దారి పొడుగునా కోకీ కప్పలు టక్కున నోళ్లు మూశాయి.
సైలెన్సర్లో ఢామ్మని పేలింది,
బండి రెండుసార్లు తూలి ఆగింది.
చీకట్లో స్టీరింగు మీద తల పెట్టి
ఎంతసేపు నవ్వానో!

తర్వాత టార్చి పళ్ల మధ్య పట్టుకుని
గొట్టం మళ్లీ తగిలించాను.
క్లాంపు ఒక చుట్టు ఎక్కువే బిగించినట్టున్నాను.
కప్పలు ఒక్కొక్కటే మొదలుపెట్టాయి,
ముందు ఒకటి, దూరంగా ఇంకొకటి.